డైరీకెక్కని గోడ

మా ఇంట్లో ఒక నల్లటి పెట్టె ఉంది. రెండు ఇటుకలు పక్కపక్కన నిలబెడితే ఎంత ఉంటాయో అంత ఉంటుంది. దాని కడుపులో రెండు హార్డ్ డిస్కులు. ఒకదాంట్లో ఉన్నదంతా రెండోదాంట్లో నకలుగా ఉంటుంది. టెక్కలి ఆఫీసులో రికార్డు గదిలో ఉద్యోగమంతా గడిపినవాడికి ఇంతకన్నా నచ్చే యంత్రం ఇంకోటి ఉండదు. రిటైరయ్యాక ఇంట్లోని ఫోటోలు, పాత క్యాసెట్లు, నా డైరీల పేజీలు అన్నీ ఓపిగ్గా అందులోకి ఎక్కించాను. ఫోనులోంచి గానీ హాల్లో టీవీలోంచి గానీ వైఫై మీద పిలిస్తే పలకాలి. మా ఆవిడ దాన్ని "మీ రెండో సంసారం" అంటుంది. దానికి దుమ్ము తుడిచినప్పుడల్లా, మొదటి సంసారానికి ఏనాడైనా ఇలా తుడిచారా అని అడుగుతుంది.

మా అక్కది ఉద్దానం. సముద్రానికి రెండు కొబ్బరితోటల ఇవతల ఉన్న ఊరు. బావ పోయి ఏడాది కావస్తోంది. ఒకరోజు పొద్దున్నే అక్క ఫోను చేసింది.

"ఒరే తమ్ముడూ, వచ్చే నెల మీ బావ సంవత్సరీకం. గోడకెట్టడానికి ఒక్క మంచి ఫోటో నేదురా."

ఒకప్పుడు వాళ్ళింట్లో గోడ నిండా ఫోటోలుండేవి. తోటల్ని పడగొట్టిన ఆ పెద్ద తుఫాను ఇంటి పెంకుల్ని, గోడమీది పటాల్ని కూడా పట్టుకుపోయింది. తర్వాత మనవల ఫోన్లలో ఉన్నవన్నీ ఆస్పత్రి రోజులవి. మాసిన గడ్డం, లోపలికి పోయిన కళ్ళు. నా పెట్టెలోని పాతవాటిలో బావ వీపే ఉంటుంది. కెమెరా కనబడితే పక్కకి తిరిగిపోయే మనిషి. ఆధార్ కార్డు మీది బొమ్మ సంగతి చెప్పకపోవడం మంచిది.

"ఆ ఆస్పత్రి ఫోటో పెద్దది చేయిస్తావా పోనీ?" అన్నాను.

"వొద్దు. అలగున్న మనిసికి నాను దండెయ్యలేను," అంది అక్క.

అప్పుడు నాకు మా అమ్మాయి పెళ్ళి వీడియో గుర్తొచ్చింది. ఆ పెళ్ళిలో వంటశాల పెత్తనమంతా బావదే. నిండు ఆరోగ్యంతో, పంచె ఎగ్గట్టి, మెడ మీద తువ్వాలు వేసుకుని తిరిగాడు. మూడు గంటల పైచిలుకు వీడియోలో ఎక్కడో ఒకచోట మొహం దొరక్కపోదు. అక్కకి ఒక కంటికే ఆపరేషన్ అయింది. ఫోను తెర మీద మనుషులు ఆమెకి ఆవగింజలు. అందుకని, "నువ్వొక ఆదివారం వచ్చెయ్. పెద్ద టీవీలో చూపిస్తాను. నీకు నచ్చిన మొహం నువ్వే ఏరుకో. దాన్నే ఫోటో చేయిద్దాం," అని మాట ఇచ్చాను. ఇచ్చిన మాట డైరీలో కూడా రాసుకున్నాను.

ఆ సాయంత్రం సరిచూద్దామని టీవీలో వీడియో పెట్టాను. సన్నాయి మొదలైంది. మగపెళ్ళివారి బస్సు వచ్చి ఆగింది. ముందుగా పెళ్ళికొడుకు మేనమామ దిగుతూ ఒక కాలు కింద పెట్టాడు. అంతే, బొమ్మ నిలిచిపోయింది. తెర మధ్య తెల్ల చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలెట్టాయి. పావుగంట చూశాను. ఆయన రెండో కాలు బస్సులోనే ఉంది.

ఎండాకాలంలో అమ్మాయి విశాఖపట్నం నుంచి వచ్చినప్పుడు ఇదే వీడియో ఇదే టీవీలో మొదటినుంచి చివరిదాకా చూశాం. ఎక్కడా ఆగలేదు. అంటే ఆ తర్వాత ఏదో మారింది. ఏం మారిందో కనుక్కోవడం నాకు కొత్త పని కాదు. డైరీలో కొత్త పేజీ తీసి, గీతలు కొట్టి, గళ్ళు వేశాను. తేదీ, సమయం, వాన ఉందా లేదా, కరెంటు పోయివచ్చిందా, ఇంట్లో ఏం జరుగుతోంది, వీడియో ఎక్కడ ఆగింది.

మూడు వారాలు రాశాను. వాన రోజు ఆగింది. ఎండ రోజూ ఆగింది. మా ఆవిడ మిక్సీ వేసినప్పుడు ఆగింది, ఇస్త్రీ చేస్తున్నప్పుడు ఆగింది, ఆమె గుడికి వెళ్ళినప్పుడు కూడా ఆగింది. పెట్టెని ఆపి మళ్ళీ వేశాను. రౌటరుని ఆపి మళ్ళీ వేశాను. పెట్టె అమ్మిన షాపుకి ఫోను చేస్తే, "ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి సార్," అన్నారు. ఏడుసార్లు చేశానని తేదీలు చదివి వినిపించాను. అవతల కాసేపు చప్పుడు లేదు. ఫోను కూడా ఆగిపోయిందేమో అనుకున్నాను.

కాశీబుగ్గ నుంచి టీవీ మెకానిక్ వచ్చి చూసి టీవీకి ఏ రోగమూ లేదన్నాడు. పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి టీవీకి తగిలిద్దామంటే, ఫైలు మరీ పెద్దది, పట్టదని ఆ పెన్ డ్రైవ్ మొరాయించింది. ఆ తప్పు నాదే. క్యాసెట్లు ఇచ్చినప్పుడు స్టూడియో ఆయన నాలుగు ముక్కలుగా చేస్తే సుఖం సార్ అని బతిమాలాడు. ఒక పెళ్ళికి ఒకటే ఫైలు ఉండాలి, ఫైలు విడగొట్టకూడదని నేనే పట్టుబట్టాను.

విచిత్రమేమిటంటే, వెనక చిన్నగదిలో, పెట్టె, రౌటరు ఉన్నచోట కూర్చుని ఫోనులో చూస్తే వీడియో చక్కగా నడిచేది. హాల్లోకొస్తే నిలిచిపోయేది. మాది పాతకాలపు వరసగదుల ఇల్లు. ముందు హాలు, తర్వాత మధ్యగది, దాని వెనక వంటగది, చిన్నగది. నెట్ వైరు పెరటి స్తంభం నుంచి వస్తుంది కాబట్టి రౌటరు అక్కడ తప్ప ఇంకోచోట కుదరదు. టీవీ హాల్లో గోడకి బిగించి ఉంది. అమ్మాయికి ఫోను చేసి ఇదంతా చెప్పాను.

"టీవీకి, రౌటరుకి మధ్య ఏమైనా అడ్డం పెట్టారా నాన్నా?"

"ఏమీ లేదమ్మా. ఎప్పుడూ ఉన్న గోడలే."

"ఇనప బీరువాలు గానీ..."

"బీరువా ఉన్నచోటే ఉంది. కదపలేదు."

"పోనీ, వైరు లాగించండి."

గుమ్మాలకి అడ్డంగా వైరు పడితే ముందు తనే తట్టుకుని పడుతుందని మా ఆవిడ ఒప్పుకోలేదు. నేను పేజీలో ఇంకో గడి నింపాను.

"రాసుకోడం అయ్యిందా?" అంది మా ఆవిడ.

"అయింది."

"మరి ఆయన్ని దిగమనండి పాపం. మూడు వారాలనుంచి ఒంటికాలి మీద నిలబడున్నాడు. కాలు పీకదేటి?"

ఈ లోపు అక్క వస్తానన్న ఆదివారం వచ్చేసింది. శుక్రవారం సంవత్సరీకం. ఫోటో కట్టించడానికి కనీసం రెండు రోజులు కావాలి. రావద్దని అక్కకి చెప్పాలని ఫోను తీశాను. ఎలా చెప్పాలో వాక్యం కుదుర్చుకుంటూ ఉండగా వీధిలో ఆటో ఆగింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో పనసకాయ, వెనక ఆటోవాడి చేతిలో నాలుగు కొబ్బరికాయలతో అక్క దిగింది. రెండు కాళ్ళతోనూ దిగింది.

"ఏటిరా, అలగున్నావు? టీవీ పెట్టినావా?"

"ముందు కూచో అక్కా, కాఫీ తాగు."

"కాఫీకొచ్చినానేటి ఇంత దూరం?"

చెప్పేశాను. మూడు వారాల పేజీ కూడా చూపించాను. చదువురాకపోయినా అక్క గళ్ళవైపు మర్యాదగా చూసింది. టీవీలో బస్సు, మేనమామ, తిరిగే చుక్కలు అలాగే ఉన్నాయి. కాసేపు తెరవైపు చూసింది.  తిట్టి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది. లేచి, సంచి లోపల పెట్టొస్తానని మధ్యగదిలోకి వెళ్ళింది. అక్కణ్ణించి కేక వినబడింది.

"ఒరే! ఈ గదికి అడ్డంగా కొత్త గోడ కట్టీసినావేటి?"

"గోడ కాదు వదినా," అంది మా ఆవిడ. "మా తమ్ముడి జీడిపప్పు డబ్బాలు. రెండ్రోజులు ఉంచుతానన్నాడు."

"ఏ రెండ్రోజులు?"

మా ఆవిడ వేళ్ళు మడిచింది. వానలు పడక ముందు అన్న రెండ్రోజులు అవి.

ఇక్కడ నేను కొంత చెప్పుకోవాలి. మా బావమరిది కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేస్తాడు. పలాస, కాశీబుగ్గల్లో పప్పు కొనిపెట్టుకున్న ప్రతివాడికీ ఒక బంధువు ఇంట్లో ఒక మధ్యగది ఉంటుంది. ధర పెరుగుతుందని నాలుగు రోజులు ఆగుదామనుకుంటారు, గోడౌనులో చెమ్మ అంటారు, "బావా, రెండ్రోజులు," అంటారు. మావాడు పది కిలోల చదరపు రేకు డబ్బాలు అరవై తెచ్చాడు. యాభై, గోడ పొడవునా ఐదేసి ఎత్తున పది దొంతరలుగా పేర్చాడు. మిగిలిన పదీ ముందు నేలమీద పెడితే, మా ఆవిడ వాటిమీద దుప్పటి పరిచి ఇస్త్రీ బల్ల చేసుకుంది. రోజుకి ఇరవైసార్లు నేను ఆ గదిలోంచి అటూ ఇటూ తిరిగాను. ఆమె ఇస్త్రీ చేస్తోందని డైరీలో రాశాను. దేనిమీద చేస్తోందో రాయలేదు.

ఎందుకు రాయలేదంటే, మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఎవరిదో సామాను రెండు రోజులు మన గదిలో ఉంటే దాన్ని మన స్టాకు రిజిస్టరులో ఎక్కించకూడదు. ఎక్కిస్తే మనదవుతుంది. తర్వాత తనిఖీకి వచ్చినవాళ్ళు అదేదని అడుగుతారు. అందుకని ఎక్కించం. ఎక్కించని వస్తువు లేనట్టే. రికార్డు గదిలో మూల ఒక పాత ఇనప మంచం ఎవరిదో తెలియకుండా ఎన్నో ఏళ్ళు ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు దానికి తట్టుకునేవారు. మేము చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం. అలా అలవాటైన మనిషిని అమ్మాయి, ఏమైనా అడ్డం పెట్టారా నాన్నా అని అడిగితే, ఏమీ లేదమ్మా అని నిజాయితీగానే చెప్పాను. తర్వాత డబ్బాలు వచ్చిన రోజు పేజీ తీసి చూశాను. "బావమరిది వచ్చాడు. టీ తాగి వెళ్ళాడు," అని ఉంది.

కానీ ఆ క్షణంలో ఇదంతా నాకు తట్టలేదు. తట్టించింది అక్కే. ఒక డబ్బాని వేలితో టంగుమనిపించి, "రేకేగదా ఇది?" అంది.

"అవును."

"మా పక్కోడు తుఫానుకి ఇల్లు పోయినాక చుట్టూ రేకులతోటి గది కట్టినాడు. లోపల ఫోను పలకదు. ఎవులితో మాటాడాలన్నా వీధిలోకొచ్చి అరవాల. ఊరందరికీ ఆడి సంగతులన్నీ తెలుసు. నీ టీవీకొచ్చే గాలీ ఆ ఫోను గాలిలాంటిది కాదేటి?"

నేను మధ్యగదిలో నిలబడి ఒకసారి వెనక్కి, రౌటరు ఉన్న చిన్నగదివైపు చూశాను. ఒకసారి ముందుకి, టీవీ ఉన్న హాలువైపు చూశాను. రెంటికీ మధ్య, నా తలకన్నా ఎత్తుగా, మెరుస్తూ, యాభై డబ్బాల రేకు గోడ. మా ఆవిడ నావైపు చూసి, నవ్వు ఆపుకోడానికి పనసకాయ తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఫోను చేస్తే బావమరిది స్కూటరు మీద వచ్చాడు. సంగతి విని నమ్మలేదు.

"గాలికి డబ్బాలడ్డమేటి బావా? నాను డబ్బాల ఎనక నిలబడితే నీకు నా మాట ఇనబడతాదా నేదా?"

"నీ మాట ఇనబడకుండా ఉండాలంటే డబ్బాలు సాలవు మరిదీ," అంది అక్క. "కొండ గావాల."

"అది కాదొదినా. వరండాలో పెడితే సెమ్మ పడతాది. పప్పు మెత్తబడిపోద్ది. ఇంకో రెండ్రోజుల్లో..."

"నీ రెండ్రోజులు అయ్యేలోపు మీ అన్నగారి సంవత్సరీకం ఎల్లిపోద్ది," అంది అక్క.

అతను చొక్కా విప్పి మేకుకి తగిలించాడు.

డబ్బాలు ఎక్కడికి పోవాలన్నది పెద్ద చర్చే అయింది. చివరికి హాలు పక్కనున్న మా పడకగదిలో మంచం చుట్టూ సర్దడానికి తీర్మానం అయింది. బావమరిది దించి ఇచ్చేవాడు, నేను అందుకుని గుమ్మం దాకా మోసేవాణ్ణి, మా ఆవిడ లోపల పేర్చేది. అక్క కుర్చీ వేసుకుని కూర్చుని లెక్కపెట్టింది. మధ్యలో బావమరిది ఒక డబ్బా మూత సరిగా లేదని తీసి చూసి, పప్పు మెత్తబడలేదని నిర్ధారించుకోడానికి నాలుగు నమిలాడు. అక్క చెయ్యి చాచింది. ఆమెకీ నాలుగు పెట్టాడు.

ఇరవై ఎనిమిదో డబ్బా నా చేతుల్లో ఉంది. హాల్లోంచి ఒక్కసారిగా సన్నాయి వినబడింది. అందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం. నేను డబ్బాతోటే హాల్లోకి పరిగెత్తాను. పెళ్ళికొడుకు మేనమామ రెండో కాలు కిందపెట్టి, పంచె సర్దుకుని, నడుచుకుంటూ వెళ్ళిపోతున్నాడు. ఆయన వెనక మగపెళ్ళివారంతా ఒకరి తర్వాత ఒకరు దిగుతున్నారు. ఆ పెళ్ళి రోజున కూడా నేను వాళ్ళని చూసి అంత సంతోషించలేదు.

"దిగీసినాడు!" అని మా ఆవిడ చప్పట్లు కొట్టింది.

మిగిలిన డబ్బాలు కూడా మోసేదాకా బావమరిదిని వదల్లేదు. ఆ తర్వాత నలుగురం టీవీ ముందు కూర్చున్నాం. భోజనాల ఘట్టం రెండో గంటలో ఉంటుంది కాబట్టి ముందుకి జరుపుతానన్నాను.

"తొయ్యకు," అంది అక్క. "మళ్ళీ ఆగిపోగల్దు. ఎలగొచ్చింది అలగే రానీ."

అలాగే రానిచ్చాం. నల్లటి జుట్టుతో నేను కనబడ్డప్పుడు బావమరిది, "ఎవులు బావా ఈ కుర్రోడు?" అన్నాడు. సన్నటి నడుముతో అతను కనబడ్డప్పుడు మా ఆవిడ ఆ బాకీ తీర్చింది. అక్క మాత్రం ఏ నవ్వులోనూ కలవలేదు. కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుని, ఆపరేషన్ అయిన కన్ను ముందుకి పెట్టి చూస్తూనే ఉంది. తలంబ్రాలప్పుడు జనంలో బావ వీపు కనబడింది. తర్వాత ఒక చెవి, సగం తువ్వాలు కనబడ్డాయి. వంటశాల గుమ్మంలో, గరిటె ఊపుతూ ఎవరినో కేకలేస్తున్న చెయ్యి కనబడింది. "అది ఆయన సెయ్యే," అంది. కెమెరా అటు తిరిగేలోపు చెయ్యి లోపలికి పోయింది.

భోజనాలు మొదలయ్యాయి. బంతి మీద బంతి లేచింది. వడ్డించేవాళ్ళంతా కనబడ్డారు, బావ తప్ప. నాలో ధైర్యం తగ్గుతూ వచ్చింది. ఇక ఆధార్ బొమ్మే గతి అనుకుంటున్నాను. వీడియో ఆయన ఏం ఆలోచించాడో గానీ, బంతుల్ని వదిలేసి, తన కెమెరా లైటు పట్టుకుని సరాసరి వంటశాల వెనక సామాన్ల గదిలోకి దూరాడు. అక్కడ లడ్డూల గంగాళం పక్కన పీట వేసుకుని బావ ఒక్కడే కూర్చున్నాడు. చేతిలో సగం కొరికిన లడ్డూ. లైటు మొహం మీద పడగానే తలెత్తాడు. పక్కకి తిరగడానికి వీల్లేదు, ఒక పక్క గోడ, ఇంకోపక్క గంగాళం. నోటినిండా ఉండటంతో మాట రాక, రెండు కళ్ళతోనూ నవ్వేశాడు. చెవుల దాకా నవ్వు.

నేను గభాలున ఆపాను. బొమ్మ నిలిచింది.

అక్క ఏడుస్తుందని మా ఆవిడ నీళ్ళ గ్లాసు పట్టుకుని వెనక నిలబడింది. అక్క ఏడవలేదు. కుర్చీలోంచి సగం లేచింది.

"ఓరి నీ దొంగబుద్ధి సల్లగుండ! ఆ నెల్లోనే గదరా డాక్టరు సుగరన్నాడు. పెళ్ళినించి ఇంటికొచ్చి నా నెత్తి మీద సెయ్యేసి సెప్పినాడు, ఒక్క మిఠాయి ముట్టలేదని. నాను నమ్మీసి, పాపం పస్తున్నాడని జాలిపడి ఆ రాత్రి కోడి కోయించినాను!"

బావమరిది నేలమీద పడి నవ్వాడు. "అన్నగారు రెండు పక్కలా తిన్నాడు వదినా!" అన్నాడు.

"మళ్ళీ ఎయ్," అంది అక్క.

వేశాను. మళ్ళీ తిట్టింది. మళ్ళీ వెయ్యమంది. ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా వీడియో ఒక్కసారి కూడా ఆగలేదు. ఐదోసారో ఆరోసారో తిట్టడం మానేసి ఊరికే చూసింది. బావ తలెత్తి నవ్విన చోట చెయ్యి ఎత్తి, "ఇదే," అంది. ఆపిన తెరని ఫోనుతో ఫోటో తీసుకున్నాను. అప్పుడు అక్క, మా ఆవిడ చేతిలోంచి గ్లాసు తీసుకుని నీళ్ళు తాగింది.

మర్నాడు కాశీబుగ్గలో స్టూడియోకి వెళ్ళాం. స్టూడియో ఆయన బొమ్మని కంప్యూటర్లో పెద్దది చేసి, వెనక గంగాళం తీసేసి నీలం రంగు వేస్తానన్నాడు. అక్క సరేనంది. తర్వాత బాణం గుర్తుని లడ్డూ మీదికి తెచ్చి, "ఇది కూడా తీసేస్తానమ్మా. దండ వేసే ఫోటో కదా, బాగోదు," అన్నాడు.

"తియ్యకు," అంది అక్క.

"సంవత్సరీకం ఫోటోలో తింటూ ఉంటే అందరూ ఏమనుకుంటారు వదినా?" అని మా ఆవిడ మెల్లగా అంది.

"అది తీసీస్తే ఆ మొకం ఎందుకలగ నవ్వుతన్నాదో ఎవులికి తెలుస్తాది?" అంది అక్క. అని, స్టూలు కంప్యూటరు దగ్గరికి లాక్కుని, ఆయన చెయ్యి లడ్డూ వైపు పోకుండా పని అయ్యేదాకా కాపలా కూర్చుంది.

మంగళవారం సాయంత్రానికి ఫ్రేము కట్టి ఇచ్చారు. పాత పేపరులో చుట్టి, దారం కట్టి ఆటోలో అక్క ఒళ్ళో పెట్టాను. పదిలం, మధ్యలో గతుకులు ఉంటాయని ఆటో అతనికి చెప్పాను. అతను బండి స్టార్ట్ చేశాడు. "ఉండు బాబూ," అని అక్క పేపరు ఒక మూల కొంచెం చింపి, లోపలికి తొంగి చూసింది. లడ్డూ ఉంది. "ఇంక పోనీ," అంది.